మూత లోపలి గుర్తు

ఇన్నేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ఒక ముసలాయన పొట్టమీద కొట్టాను. ఒకే ఒక్క మాటతో. ఆ మాట అబద్ధం కూడా కాదు, అదే నా ఖర్మ.

అప్పట్లో పర్చూరు దగ్గర పత్తి మిల్లులో గుమాస్తాగా చేసేవాణ్ని. వాచీలు బాగుచేయడం నా పిచ్చి. గుంటూరు పాత పుస్తకాల కొట్టులో వాచీ రిపేరు మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికితే, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. కంటికి పెట్టుకునే భూతద్దం, సన్నటి పటకారు, అరడజను చిన్న స్క్రూడ్రైవర్లు కొన్నాను. పుస్తకంలో లేని విద్యంతా బస్టాండు దగ్గర చెక్కడబ్బా పెట్టుకుని కూర్చునే మస్తాన్ గారు నేర్పారు. ఎంత ఓపికండీ ఆయనకి! ఏ వాచీ విప్పినా మూసేముందు వెనక మూత లోపలివైపు సూదితో తన గుర్తు, తేదీ గీసేవారు. ముట్టుకున్నవాడు ముట్టుకున్నానని చెప్పుకోవాలనేవారు. మిల్లు చొక్కాతో మాత్రం వాచీ విప్పొద్దని, ఒక్క దూదిపోగు పడినా పాడవుతుందని నాకు పదేపదే చెప్పేవారు.

నా స్నేహితుడు సుబ్బారావు మిరప రైతు. శబరిమల వెళుతూ, చనిపోయిన వాళ్ల నాన్న వాచీ నా దగ్గర దాచమని ఇచ్చాడు. నెల క్రితమే మస్తాన్ గారు దాన్ని శుభ్రం చేశారు. భేషుగ్గా ఆడుతోంది. మరి నేనెందుకు విప్పాను? ఆయన పనితనం చూద్దామనా, లేక ఆయనంతటివాణ్ని అయిపోయానని నన్ను నేను నమ్మించుకోవడానికా? మిల్లు నుంచి వచ్చి, చొక్కా కూడా మార్చకుండా కూర్చున్నాను. భాగాలన్నీ పెట్రోలులో కడిగాను. అటూ ఇటూ ఊగే చక్రానికి వెంట్రుకంత స్ప్రింగు చుట్టలుగా ఉంటుంది. అందులో దూదిపోగు చిక్కుకుంది. పటకారుతో లాగాను. స్ప్రింగు సాగిపోయింది. నా పాత సామాన్లలోంచి అలాంటి చక్రమే ఒకటి తీసి బిగించి, మూత వేసేశాను. నా గుర్తు గీయలేదు.

సుబ్బారావుకి ఇచ్చాక పదిరోజులు ఆడి ఆగిపోయింది. గుంటూరులో చూపిస్తే, అసలు చక్రం ఎవరో మార్చేశారన్నారట. వాడు నన్ను వెంటేసుకుని నేరుగా మస్తాన్ గారి దగ్గరికి వెళ్లాడు. వాచీ నా దగ్గరుందన్న సంగతి వాడికి గుర్తులేదా? ఉన్నా నన్ను అనుమానించలేదు. స్నేహితుణ్ని కదా.

"ఏమయ్యా, మా నాన్న వాచీలో సామాను కాజేస్తావా?" బస్టాండంతా వినబడేలా అరిచాడు.

మస్తాన్ గారు మూత తీసి చూశారు. "ఈ చక్రం నేనెయ్యలేదయ్యా. నా తర్వాత ఎవరో ఇప్పారు."

"ఎవరిప్పుతారు? ఒరేయ్, పుస్తకాలు చదివినోడివి, నువ్వు చెప్పరా!"

జనం పోగయ్యారు.

"లోపల గుర్తు ఆయనదేరా," అన్నాను.

ఆయన కంటికున్న భూతద్దం తీసి నావైపు చూశారు. నా స్క్రూడ్రైవరు జారి పడిన గీతలు చూసే ఉంటారు. అలా జారకూడదని నాకు నేర్పింది ఆయనే కదా.

"గుర్తు నాదేనయ్యా," అన్నారు. నా పేరు ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

తర్వాత ఆయనకు వాచీ ఇచ్చినవాడు లేడు. ఆ డబ్బా ఎత్తేసి, చీమకుర్తిలో రాళ్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పనికి వెళ్లారు. ఒకసారి కలుద్దామని, బస్సు మారాల్సిన ఒంగోలు దాకా పోయి, అక్కడ దిగి, తిరుగు బస్సెక్కేశాను. ఛీ, ఏం బతుకు నాది! ఆ ఎండాకాలమే ఆయన పోయారని తెలిసింది.

పాడుచేసిన చక్రం ఇంకా నా దగ్గరే, ఒక కెమెరా ఫిల్ము డబ్బాలో ఉంది. దూదిపోగు కూడా అలాగే ఉంది. వాచీల జోలికి మళ్లీ పోలేదు. సుబ్బారావు మాత్రం టీ తాగుతూ ఇప్పటికీ "ఆ దొంగ మస్తాను" అంటుంటాడు. నేను తలూపుతాను. మొన్న కూడా ఊపాను. రేపు మళ్లీ అంటే నోరు విప్పుతానా? నా మీద నాకే నమ్మకం లేదు. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. ఆ వాచీ విప్పింది నేనే.