పుల్లయ్య షెడ్డు లేని జాబితా

సుప్రజ మా ఆఫీసులో చేరింది 2007లో. కోయిలకుంట్లలో వాళ్ళ నాయనకు బట్టలంగడి ఉండేది. కర్నూల్లో ఎంసీఏ చదివింది. ఏదో పత్రికతో వచ్చిన సీడీ పెట్టుకుని పైథాన్ అనే కంప్యూటర్ భాషను తనంతట తానే నేర్చుకుంది. బెంగళూరు ఉద్యోగానికి ఎందుకు పోలేదని అడిగితే, "ఈడ పని లేదా అక్కా?" అనేది.

మాది రాళ్ళ పనివాళ్ళ ఆరోగ్యం చూసే చిన్న సంస్థ. నేను టైపు పని చేసేదాన్ని. బనగానపల్లె చుట్టుపక్కల బండలు కోసి పాలిష్ పట్టే షెడ్లు శానా. ఆ దుమ్ము పీల్చినవాళ్ళకు నలభై నిండకముందే ఊపిరి ఆడదు. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుని నిలబడతారు. మా ఆరోగ్య కార్యకర్త రాహేలమ్మది ఆ పక్క ఊరే. ఎండాకాలమంతా షెడ్డు షెడ్డుకూ తిరిగి ఫారాలు నింపుకొచ్చింది. అవన్నీ నేను కంప్యూటర్లోకి ఎక్కించినాను.

ఆగస్టులో హైదరాబాదు నుంచి ఎక్స్‌రే బండి మూడు రోజులు వస్తుందన్నారు. జాబితాలో పేరున్నవాళ్ళకే చీటీ. చీటీ ఉంటేనే ఎక్స్‌రే.

నేను ఎక్కించింది ఒకదాని లోపల ఒకటిగా ఉండేది. ఊరి కింద షెడ్లు, షెడ్డు కింద మనుషులు. డాక్టర్లకు కావలసింది మాత్రం మనుషుల పేర్లు, ఒకే వరుసలో. మొత్తం ఒకేసారి తెరిస్తే మా పాత కంప్యూటర్ బిగుసుకుపోయేది. సుప్రజ పొద్దున కూర్చుని మధ్యాహ్నానికి ఒక చిన్న ప్రోగ్రాం రాసింది.

"దీన్ని ఇటరేటర్ అంటారక్కా," అని నాకు చూపించింది. "అన్నీ కుప్ప పోసుకోదు. అడిగినప్పుడల్లా ఒక్క మనిషిని తెచ్చిస్తాది. ఒక షెడ్డులో మనుషులు అయిపోతే తర్వాతి షెడ్డులోకి పోతాది. షెడ్లు అయిపోతే తర్వాతి ఊరు. మనకు మాత్రం అందరూ ఒకే వరుసలో వచ్చినట్టుంటాది."

పదకొండు వందల చిల్లర చీటీలు అచ్చయినాయి. ఒక్క తప్పూ చూపించలేదు కంప్యూటర్. మా సార్ ఆమెను అందరి ముందూ మెచ్చుకున్నాడు.

బండి వచ్చి వెళ్ళిపోయిన మరుసటి రోజు రాహేలమ్మ ఆఫీసుకొచ్చింది. చెమటతో తడిసిపోయి ఉంది. నీళ్ళిస్తే తాగలేదు.

"సుప్రజా, పుల్లయ్య షెడ్డు యాడుండాది ఈ కాగితాల్లో?"

సుప్రజ జాబితా తిప్పింది. మళ్ళీ తిప్పింది. లేదు.

"గిడ్డయ్యను వాళ్ళామె చెన్నమ్మ ఆటోలో యేసుకొచ్చిందంట. నేను ఆ పొద్దు వేరే ఊర్లో ఉంటి. పేరు లేదని పంపించేసినారంట. సాయంత్రం దాకా బండి ఆగిన బడి గోడకు ఆనుకుని కూర్చున్నాడంట ఆ మనిషి, ఎవురన్నా పిలుస్తారని."

సుప్రజ నేను ఎక్కించిన ఫైలు తెరిచింది. పుల్లయ్య షెడ్డు అందులో ఉంది. దాని కింద పనివాళ్ళ గడి ఖాళీగా ఉంది. పక్కన రిమార్కుల్లో మాత్రం రాహేలమ్మ రాసింది రాసినట్టే ఉంది: "షెడ్డు మూసినారు. అందరూ ఇంటికాడ, దమ్ము, ఆయాసం." దాని వెంబడే ఏడు పేర్లు. ఫారంలో 'ప్రస్తుతం పనిచేస్తున్నవారు' అని ఉండింది. వాళ్ళెవరూ పని చేయడం లేదు కాబట్టి ఆమె ఆ గడి వదిలేసింది. నేనూ ఉన్నది ఉన్నట్టే టైపు కొట్టినాను.

ప్రోగ్రాం ఆ షెడ్డులోకి పోయింది. లోపల ఎవరూ లేరు. చప్పుడు లేకుండా తర్వాతి షెడ్డుకు పోయింది. దాని లెక్కన అది తప్పు కాదు. వరుసగా పరిచినప్పుడు ఖాళీగా ఉన్నదానికి ఒక్క గీత కూడా మిగలదు.

అట్లాంటి షెడ్లు ఇంకో రెండున్నాయి. మొత్తం పంతొమ్మిది మంది. అందరికంటే ఎక్కువ జబ్బుతో ఉన్నవాళ్ళు.

"నేను ఖాళీ షెడ్డు ఇచ్చి చూడలేదక్కా," అంది సుప్రజ. "నిండుగా ఉన్నవాటితోనే చూసినా."

"ఫారం కొట్టింది నేను కదా," అన్నాను.

మా సార్ బండివాళ్ళకు ఫోన్ చేసినాడు. మళ్ళీ వచ్చేది వచ్చే ఏడాదే అన్నారు. ఆ పొద్దే సుప్రజ ప్రోగ్రాం మార్చింది. షెడ్డులో ఎవరూ లేకపోతే ఆ షెడ్డు పేరూ రిమార్కులూ ఒక వరుసగా బయటికి వచ్చేటట్టు చేసింది. తర్వాత రాహేలమ్మను తోడు పెట్టుకుని ఆ పంతొమ్మిది ఇళ్ళకూ తిరిగింది. నడవగలిగినవాళ్ళను ఇద్దరిద్దరిగా బస్సెక్కించి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఎక్స్‌రేలు తీయించింది. గిడ్డయ్య బస్సు మెట్టు ఎక్కలేకపోయినాడు. జీపు మాట్లాడదామనుకున్న వారంలోనే చనిపోయినాడు.

నేనూ సుప్రజా గిడ్డయ్య ఇంటికి పోయేసరికి చెన్నమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. ఆమెకు ముప్పైనాలుగేళ్ళు. సుప్రజ ఆమె ముందు కింద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. ఖాళీ గడి, తన ప్రోగ్రాం, అన్నీ.

చెన్నమ్మ అంతా విన్నది. "పేరుంటే బతికేటోడా?" అని అడిగింది.

"లేదమ్మా. డాక్టర్లు లేదనే అంటాండారు. కానీ రాళ్ళ దుమ్ముతోనే వచ్చిందని, పరిహారం అడిగేదానికి కాగితం ఇచ్చేవాళ్ళు."

"ఇప్పుడు సావు కాగితంలో టీబీ అని రాసినారు," అంది చెన్నమ్మ. "మాయన నాతో పోట్లాడేటోడు, టీబీ కాదు, రాయి అని. కూసోబెట్టి పంపించినారని శానా బాధపడినాడు. పేరు లేకపోవడమేంది, పదమూడేండ్లు చేసినా కదా అని అదే మాట."

తిరుగు బస్సు బనగానపల్లె దాటింది. "ఎనిమిది లైన్లక్కా," అంది సుప్రజ. "మొత్తం ప్రోగ్రాం ఎనిమిదే లైన్లు."

మరుసటి ఏడాది సర్వేకి తనే రాహేలమ్మతో పాటు ఊళ్ళు తిరిగింది. ఫారం మార్పించింది. ఇంట్లో పడి ఉన్నవాళ్ళకూ, చనిపోయినవాళ్ళకూ వేరే గడులు పెట్టించింది. ఈసారి బండి వచ్చేనాటికి ఆ పంతొమ్మిది మందిలో పదకొండు మందే బతికి ఉన్నారు. పదకొండు మందికీ చీటీలు అందినాయి.

ఆ జాబితా అచ్చు తీస్తుంటే కొత్తగా చేరినవాళ్ళలో, రాహేలమ్మ ఒక్కతే పోయి రాసుకొచ్చిన ఒక పేరు దగ్గర సుప్రజ ఆగింది. గిడ్డయ్య భార్య చెన్నమ్మ, పాలిష్ మిషన్, పని మొదలుపెట్టి ఏడు నెలలు. ఆదివారం పోయి కలిసినాం. ముఖానికి పాత చీర ముక్క కట్టుకుని ఉంది.

"వేరే పని యాడుండాది చెప్పండి?" అంది. మిషన్ మోతలో మాకు సరిగ్గా వినబడలేదని ఆ మాటే మళ్ళీ గట్టిగా అరిచి చెప్పి, బండ మీద నీళ్ళు పోసుకుంటూ పనిలో పడింది.