మే నెల మంచులో కళ్లాపి చల్లిన వైనం

నేను మా అమ్మాయి పద్మ దగ్గర టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాను. మా ఊళ్లో ఫ్లైఓవర్‌ని మించిన ఎత్తు లేదు. అక్కడే పుట్టి పెరిగిన మనవరాలు శ్రావ్య మాత్రం చదువు అవగానే కొలరాడో కొండల్లో, పదివేల అడుగుల ఎత్తున ఉన్న లెడ్‌విల్ అనే ఊరికి సైన్సు టీచరుగా వెళ్లిపోయింది. మే నెలాఖరుకి దాని అద్దె ఇంటి గడువు అయిపోతుంది. మళ్లీ ఇస్తానో ఇవ్వనో ఇంటావిడ ఎంతకీ తేల్చడం లేదు. ఆ ఊళ్లో టీచరు జీతానికి అందే ఇల్లు ఇంకోటి దొరకదు. ఇది పోతే ఉద్యోగం మానుకుని ఇంటికి రావాల్సిందే. పద్మకి కావలసింది అదే. "అమ్మా, నువ్వు చెబితే వింటుంది. ఆవిడ ఇల్లు ఇవ్వననగానే బట్టలు సర్దించి తీసుకొచ్చెయ్" అని నాకు నాలుగు రోజులకి టికెట్ కొనిచ్చింది. నేను "చూస్తాను" అన్నాను. ముప్ఫై నాలుగేళ్లు ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పినదాన్ని. ప్రయోగం చూడకుండా ఫలితం రాయడం నాకు అలవాటు లేదు.

డాలస్ నుంచి పొద్దున ఏడింటి విమానం ఎక్కితే డెన్వర్‌కి రెండు గంటల ప్రయాణం. నెల ముందు కొంటే రానూ పోనూ రెండువందల యాభై డాలర్ల లోపే అయింది. ఎయిర్‌పోర్టు నుంచి పదిమందిని ఎక్కించుకుని కొండల్లోకి పోయే వ్యాన్లుంటాయి. ఒక్కొక్కరికి డెబ్బై అయిదు డాలర్లు, సుమారు రెండు గంటలు. ఆ వ్యాను నన్ను దింపే ఊరి పేరు కూడా ఫ్రిస్కోయే. ఫ్రిస్కో నుంచి ఫ్రిస్కోకి వెళుతున్నానని చెబితే పక్క సీటావిడ నన్ను జాలిగా చూసి, నా సీటుబెల్టు సరిగ్గా ఉందో లేదో తానే తడిమి చూసింది. డ్రైవరు డేల్‌కి అరవై దాటి ఉంటాయి. వ్యాను వెనక నా పెట్టె పెడుతూంటే అక్కడ ఒక పార, ఇసుక బస్తా, నాలుగు దుప్పట్లు కనిపించాయి.

"ఇల్లు మారుతున్నారా?" అన్నాను.

"లేదు మేడమ్. మే నెల కదా, సగమే తెచ్చాను. శీతాకాలమైతే ఇంకా చాలా ఉంటాయి."

"మే నెలలో కూడా మంచు పడుతుందా?"

"జూలైలో మా చెల్లెలి పెళ్లికి పడింది. కేకు మీద కూడా పడింది. ఎవరికీ తేడా తెలియలేదు."

అతిశయోక్తి అనుకున్నాను. పదకొండువేల అడుగుల ఎత్తున కొండని తొలిచి వేసిన పొడుగాటి సొరంగం ఒకటి దారిలో వస్తుంది. ఇటువైపు ఫెళఫెళలాడే ఎండలో లోపలికి వెళ్లాం. అటు బయటపడేసరికి అద్దం మీద మంచు రాలుతోంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసేలోపల అది కూడా ఆగిపోయింది. డేల్ నా వైపు తిరక్కుండానే నవ్వాడు.

బస్టాండుకి శ్రావ్య తన కారుతో వచ్చింది. అక్కడినుంచి కనుమ దాటి లెడ్‌విల్ చేరడానికి ముప్పావు గంట. దారి పొడుగునా నా చేత బలవంతంగా నీళ్లు తాగించింది. ఎత్తుకి తలనొప్పి వస్తుందిట, రాకూడదంటే తాగుతూనే ఉండాలిట. ఊళ్లో ఒకే ఒక పెద్ద వీధి, పాత ఎర్రిటుకల మేడలు, వాటి వెనక తెల్ల తలల కొండలు. శ్రావ్య ఉండే వీధి మలుపులో, మంటలు ఆర్పడానికి నీళ్లిచ్చే ఫైర్ హైడ్రెంట్‌కి రెండు నిలువుల ఇనుపకడ్డీ, దాని కొసన ఎర్ర జెండా ఉన్నాయి. అదెందుకని అడిగాను.

"స్నోలో హైడ్రెంట్ కనిపించదు అమ్మమ్మా. ఫస్ట్ దాన్ని తవ్వాలి. తర్వాతే మన కార్, మన డోర్."

"ఎవరు తవ్వాలి? మునిసిపాలిటీయా?"

"దగ్గర ఎవరు ఉంటారో వాళ్లే. అంటే నేనే." ఇంట్లో కాఫీ కప్పు కడగని పిల్ల అది చెప్పడంలో చూపించిన గొప్ప ఇంతా అంతా కాదు.

ఇంటావిడ రూత్ పక్కింట్లోనే ఉంటుంది. నాకంటే నాలుగేళ్లు పెద్దది, డెబ్బై ఆరు. ఇరవై రెండేళ్లు కౌంటీ తరఫున రోడ్ల మీద మంచు తోసే బండి నడిపింది. నేను స్వెట్టరు మీద శాలువా కప్పుకుని వణుకుతుంటే, ఆవిడ పొట్టిచేతుల చొక్కాతో కంచెకి ఆనుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"టెక్సస్ వాళ్లకి మంచు తెలియదు" అంది, పలకరింపు కింద.

"మీకు ఆవకాయ తెలియదు. ఎవరి లోటు వాళ్లది" అన్నాను.

ఆవిడ కంచె వదిలి, "రేపు పొద్దున ఏడింటికి వచ్చి ఇంటి సంగతి చెబుతాను" అని లోపలికి పోయింది. ఎదురు వరసలో నాలుగిళ్లకి మూడు స్కీయింగ్‌కి వచ్చేవాళ్లకి రోజువారీ అద్దెకి పోయాయని, ఏజెంటు ఒకడు రూత్ చుట్టూ కూడా తిరుగుతున్నాడని శ్రావ్య చెప్పింది. ఆ రాత్రి పిల్ల సరిగ్గా తినలేదు. తినకపోవడానికి నా వంట కూడా కొంత కారణం. అంత ఎత్తులో నీళ్లు తొందరగా మరుగుతాయి గాని వాటిలో ఉండాల్సిన వేడి ఉండదు. ఎలక్ట్రిక్ కుక్కర్లో అన్నం పలుకు పలుకుగా ఉండిపోయింది. మీరు వెళితే ప్రెషర్ కుక్కర్ వాడండి, రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి.

పొద్దున అయిదున్నరకి లేచాను. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఏ ఊళ్లో ఉన్నా లేవగానే గుమ్మం ముందు నీళ్లు చల్లడం నా అలవాటు. ఇంటి సంగతి తేల్చే మనిషి వచ్చే రోజున వాకిలి దుమ్ముగా ఉంటే ఏం బాగుంటుంది? రాతి మెట్లు మూడూ చీపురుతో ఊడ్చి, రెండు చెంబుల నీళ్లు చల్లి, కింద మెట్టు మీద బియ్యప్పిండితో చిన్న ముగ్గు కూడా వేశాను. తృప్తిగా లోపలికొచ్చి డికాక్షన్ దింపుతుంటే మంచు మొదలైంది. ఏడు అయ్యేసరికి నాలుగు వేళ్ల మందం పడింది. ముగ్గు పోయిందే అనుకున్నాను గాని, మిగతాది నా బుర్రకి తట్టనే లేదు.

సరిగ్గా ఏడింటికి రూత్ చేతిలో కాగితాల కవరుతో వచ్చింది. కిటికీలోంచి చూస్తున్నాను. రెండో మెట్టు మీద కాలు పెట్టింది. మరుక్షణం కిటికీలో రూత్ లేదు.

శ్రావ్య పైజమాలోనే పరుగెత్తి, తలుపు దగ్గర తనూ జారి, గొళ్లెం పట్టుకుని వేలాడింది. "అమ్మమ్మా! స్టెప్స్ మీద ఐస్ ఎలా వచ్చింది? నైట్ డ్రైగా ఉంది కదా!"

"నీళ్లు చల్లానే."

"వాటర్ పోసావా! ఇక్కడా! అమ్మమ్మా, నువ్వు ఫిజిక్స్ టీచర్‌వి!"

ఆ మాట సూటిగా తగిలింది. ఇల్లు పోయిందన్నమాట. పద్మ నన్ను పంపిన పని, నేను నోరు విప్పకుండా రెండు చెంబుల నీళ్లతో అయిపోయింది. సంతోషించాల్సింది. కాని ఈ పిల్ల ఇక్కడే ఉండాలని నేను ఎంత గట్టిగా కోరుకుంటున్నానో అప్పుడే నాకూ తెలిసింది. శాలువా కూడా లేకుండా గోడ పట్టుకుంటూ బయటికి వెళ్లాను.

రూత్ దళసరి కోటు పుణ్యమా అని మెట్ల కింద దెబ్బ తగలకుండా కూర్చుని ఉంది. చేతి తొడుగుతో మంచు తుడిచి కింద ఉన్న ఐసుని పరీక్షగా చూస్తోంది.

"తప్పు నాది. పిల్లది కాదు" అన్నాను. "మా వైపు పొద్దున్నే వాకిట్లో నీళ్లు చల్లుతాం. ఇంట్లో మనుషులు లేచారు, లోపలికి రండి అని దాని అర్థం."

"లోపలికి రమ్మనా?" రూత్ నన్నూ మెట్లనూ మార్చి మార్చి చూసింది. "ఇరవై రెండేళ్లు ఈ కౌంటీలో ఐసుతో పోట్లాడాను. చేత్తో తయారు చేసినవాళ్లని ఇదే చూడటం." ఆ తర్వాత ఆవిడ నవ్విన నవ్వుకి పక్క వీధి కుక్క మొరిగింది.

నేను చెయ్యి అందించి లేపుతుంటే ఇద్దరం వీధి మలుపు వైపు చూశాం. శ్రావ్య అప్పటికే బకెట్‌లో కంకరపొడి తెచ్చి మెట్ల మీద చల్లేసి, పైజమా మీద కోటు తగిలించుకుని, పార పుచ్చుకుని ఎర్ర జెండా దగ్గర హైడ్రెంట్ చుట్టూ మంచు తీస్తోంది. దాని కారు ఇంకా మంచు కిందే ఉంది. ఎనిమిదింటికి బడి. ఆ మాత్రం మంచుకి అక్కడ సెలవు ఇవ్వరు.

రూత్ కోటుకి అంటిన మంచు దులుపుకుంటూ అటే చూసింది. "ఆ ఏజెంటు తెచ్చేవాళ్లు ఫోటో తీసుకుంటారు, పార తీసుకోరు" అంది. లోపలికొచ్చి నా కాఫీ రెండు కప్పులు తాగి, కవరులోంచి ఏడాది ఒప్పందం తీసి సంతకం పెట్టింది. పెట్టాక మళ్లీ పెన్ను అడిగి, కింద ఖాళీలో చేత్తో ఒక షరతు రాసింది: సెప్టెంబరు నుంచి జూన్ వరకు మెట్ల మీద నీళ్లు పోయరాదు, ఈ నిబంధన అమ్మమ్మలకు కూడా వర్తిస్తుంది. దాని పక్కన నా చేత విడిగా సంతకం పెట్టించుకుంది.

ఆ మధ్యాహ్నం పద్మకి ఫోన్ చేసి, ఇల్లు దొరికింది, పిల్ల రాదు అన్నాను. "నువ్వు వెళ్లింది ఎందుకమ్మా!" అంది. మంచి ప్రశ్నే. రేపు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియని ఊరు అది. అందుకే కాబోలు, ఎవరూ రేపటికి వాయిదా వెయ్యరు. లేవగానే పార తీసి, ముందు అందరికీ కావలసింది తవ్వి, తర్వాత తమ గుమ్మం చూసుకుంటారు. ఆ లెక్కలో నా మనవరాలు నాకంటే ముందుంది. వెళ్లాలనుకునేవాళ్లకి ఒకే ఒక సలహా: తిరుగు టికెట్ తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి. నేను నాలుగు రోజులకని వచ్చాను, ఇవాళ పదకొండో రోజు. కనుమ మంచుతో మూసేశారని పద్మకి చెప్పాను. బయట ఎండ కాస్తోంది, రూత్ ఆవకాయ కోసం గిన్నె పట్టుకుని కంచె దాటి వస్తోంది. పద్మ నా బ్లాగు ఎప్పుడూ చదవదు.