పది నంబరు నూలు అని నేను చెప్పిన పురుగు

మా కామత్‌ఘర్ గల్లీలో చేపలమ్మే కోలీ ఆవిడకు ఒక మచ్చ ఉంది. మగ్గాల మురుగులో పట్టిన చేపల్ని సముద్రపు చేపలని అంటగడుతుందని. ఆ మాట పుట్టించింది నేనే. అది తప్పు.

ఊళ్లో మాకు తెలిసినవి చెరువు చేపలు. సముద్రపు చేపను మగ్గాల పనికి ఈ భివండీ వచ్చాకే చూశాం. ఓ సెలవు రోజు ఆవిడ దగ్గర బాంగ్డా చేపలు కొని, వాకిట్లో కూర్చుని కోశాను. పొట్టలో తెల్లటి పోగు చుట్ట చుట్టుకుని ఉంది. పాతికేళ్లు మగ్గాల మధ్య బతికినవాడికి తెల్లగా సన్నగా ఏది కనిపించినా నూలే. పైగా పోగు పట్టుకుని అది ఎంత సన్నమో నంబరు చెప్పడంలో నన్ను మించినవాడు లేడని నా పొగరు.

"పది నంబరు నూలు! కార్ఖానా మురుగుల పెరిగిన చేప!" అని అరిచాను.

గల్లీ అంతా మూగింది. ఎదురింటాయన వంగి చూసి, "పది గాదన్నా, పన్నెండు" అన్నాడు. అసలు నూలేనా అని ఒక్కడికీ తోచలేదు.

అరుపు విని చేపలావిడ వెనక్కి వచ్చి గంప దించింది. మా గల్లీల్లో తిరిగి మా మాటే నేర్చుకుంది. "నూలేంది అన్నా, పురుగది. సముద్రంల చేపలకు ఉంటది. తీసి పారేసి మంచిగ ఉడికించు, ఏం గాదు."

"నూలు సంగతి నాకే చెప్తవా?" అన్నాను.

అప్పుడే నా అరచేతిలో పది నంబరు నూలు తల లేపి అటూ ఇటూ చూసింది. పిడికిలి బిగించాను.

"గది కదులుతుంది గదయ్యా" అని నా భార్య గొణిగింది.

"నోర్మూయ్, ఇజ్జత్ పోతది."

నా ఇజ్జత్ నిలిచింది. ఆవిడ బేరం పోయింది. గల్లీకి రావడమే మానేసింది.

రెండు నెలల కింద ఊరవతల కాశేలిలో గోదాముల ముందు ఎండలో గంపతో కనిపించింది. "అక్కా, గది పురుగే. నేను చూసిన" అన్నాను.

పొలుసు గీకుతూ తల ఎత్తలేదు. "నాకు తెల్వదా? మీ గల్లీల చెప్పు పో."

చెప్పాను. ఎదురింటాయన మొహం చిట్లించి, "పురుగా! థూ! నూలే నయముండె!" అన్నాడు.

నిజం చెప్పి ఆవిడ బేరాన్ని రెండోసారి ముంచాను. అందుకే ఇప్పుడు ప్రతి సెలవు రోజూ కాశేలి వెళ్లి ఆవిడ దగ్గరే కొంటున్నాను. వాకిట్లో అందరి ముందు కోసి, పురుగుంటే చూపించి, తీసేసి, బాగా ఉడికించి అక్కడే తింటున్నాను. పోయిన వారం ఎదురింటాయన గిన్నె పట్టుకొచ్చి నిలబడ్డాడు.

"నీకు లేదు. ఆమెను మళ్ల గల్లీకి పిలువు, కొనుక్కో" అన్నాను.