ఐదో పార

ఫ్యాక్టరీ రాకపోతే ఐర్లండులోని మా ఊళ్లో పిల్లలు నిలిచేవారు కాదని అందరూ అంటారు. అది అబద్ధం కాదు. మా తాతల కాలంలో ఎదిగిన ప్రతి కొడుకూ ఇంగ్లండు పడవ ఎక్కాడు. ఇప్పటి కొడుకులు సొంత ఇంట్లో నిద్ర లేచి, పొలం దాటి, కంప్యూటర్ చిప్‌లు చేసే కొలువుకు నడిచి వెళుతున్నారు. అయితే నిలవడమంటే ఏమిటో ఎవరూ అడగలేదు. మలాకీ టూహీకి ఆ ప్రశ్న గత మార్చిలో, ఒక శనివారం సాయంత్రం ఎదురైంది.

అమెరికా కంపెనీ ఇక్కడ పునాదులు వేసిన ఏడాదే మలాకీ పనిలో చేరాడు. మొదట ఒక్క భవనం. తరువాత రెండోది, మూడోది, లిఫీ నది వంపు దాకా. వాటితోపాటు అతనూ ఎదిగి షిఫ్టు సూపర్‌వైజర్ అయ్యాడు. ఊరు అతన్ని మంచివాడంటుంది. నమ్మదగినవాడని మాత్రం నేనూ ఒప్పుకుంటాను. అది వేరే గుణం.

నాలుగో భవనం తలపెట్టినప్పుడు పక్క రైతు ఫీలిమ్ హాన్‌రాటీ కౌంటీ కౌన్సిల్‌లో అభ్యంతరం పెట్టాడు. కంపెనీవాళ్లు వెళితే తలుపు తీయలేదు. మలాకీ వెళితే టీ పోశాడు.

"రేపు నేను పోతే పూడ్చడానికి ఈ రోడ్డు మీద మనిషన్నవాడు మిగులుతాడా?" అని అడిగాడు ఫీలిమ్.

"ఫ్యాక్టరీ ఉంటేనే మిగులుతాడు. నీ గొయ్యి నేనే తవ్వుతా, సరేనా?" అన్నాడు మలాకీ.

ఫీలిమ్ అభ్యంతరం వెనక్కు తీసుకున్నాడు. అతని గడ్డిభూమి పక్కనే ఫ్యాక్టరీ గోడ లేచింది.

మా వైపు గొయ్యి తవ్వేది ఇరుగుపొరుగు. అయినవాళ్లు పార ముట్టరు; కూలికి పిలవడం నామోషీ. సోమవారం నేల తెరవడం అశుభం కనుక, సోమవారం ఖననమైతే ఆదివారమే తవ్వి ఉంచుతారు. ఫీలిమ్ శుక్రవారం పోయాడు. చర్చిలో ప్రార్థన సోమవారానికి కుదిరింది. ఆ రోడ్డు మీద పార పట్టగలవాళ్లు మలాకీతో కలిపి ఐదుగురు. ఐదుగురిదీ ఒకే షిఫ్టు. ఆదివారం నాలుగో భవనంలో కొత్త యంత్రాలు మొదలుపెట్టాలి. అందుకోసం సెలవులన్నీ రద్దు చేసింది మలాకీయే.

శనివారం సాయంత్రం అతను శవజాగరణకు వెళ్లాడు. ముందు గదిలో ఫీలిమ్ పడుకుని ఉన్నాడు, వేళ్లకు జపమాల చుట్టి. వంటింట్లో హామ్ శాండ్‌విచ్‌లు తిరుగుతున్నాయి. ఫీలిమ్ భార్య డిలియా మలాకీ చేయి పట్టుకుని వదల్లేదు.

"చేతులు బాగా తెల్లబడ్డాయే, నాయనా."

"రోజంతా గ్లవ్స్‌లోనే కదమ్మా."

"మీ నాన్న చేతుల్ని చూసి పార భయపడేది. నీవి చూస్తే నవ్వుతుంది."

ఆమె మేనల్లుడు కాన్లెత్ కల్పించుకున్నాడు. "అత్తా, తవ్వే యంత్రం మాట్లాడేశా. కాసేపట్లో అయిపోతుంది. వీళ్లందరికీ రేపు డ్యూటీ అట."

"గోడవతల యంత్రాల రొద వినీ వినీ పోయాడురా. చివరికి వాటి చేతుల్లోనే పెడతావా?" అని ఆమె మలాకీ వైపు తిరిగింది. "నువ్వేదో మాటిచ్చావని చెప్పేవాడు. నాకు సరిగ్గా గుర్తులేదులే."

ఆమెకు గుర్తుంది. ఆ మరపు నటన క్షమ కాదు. మాట నిలుపుకోమని అడగకుండా, ఆ భారాన్ని ఆమె అతని మీదే వదిలింది.

గేటు దగ్గర మిగిలిన నలుగురూ సిగరెట్లు కాలుస్తున్నారు. వాళ్లలో పెద్దవాడు యూనన్ అన్నాడు: "ఏం బాసూ, ఇంకో వారం ఆగమని ఫీలిమ్‌కి చెప్పి చూద్దామా? ఆయనకిప్పుడు తొందరేం లేదుగా."



"పక్కింటాయన పోతే మా చిన్నాన్న లివర్‌పూల్ నుంచి పడవెక్కి వచ్చి తవ్వాడు," అన్నాడు యూనన్ మళ్లీ. "మనం గోడ దాటి రాలేకపోతున్నాం."

మలాకీ తేల్చేశాడు: "నలుగురూ వెళ్లండి. కొత్త యంత్రాలు రేపు మొదలుపెట్టం. పాతవాటికి మనలో ఒక్కడు చాలు, నేనుంటా. పైవాళ్లకి నేను చెప్పుకుంటా."

"అయితే ఆ ఒక్కణ్ణి నేనే. నా నడుం ఎలాగూ పనికిరాదు. మాటిచ్చినవాడివి నువ్వు, నువ్వెళ్లు."

"నాకు తలుపు తీసిన పాపానికి ఆయన గడప ముందు ఆ గోడ తెచ్చి పెట్టా. ఇంకా ఏ మొహంతో పార పట్టమంటావు?"

"ఆయన అడిగింది నీ మొహం కాదు, చేతులు," అన్నాడు యూనన్.

నాకు యూనన్ మాటే న్యాయంగా తోస్తుంది. తప్పు చేశానన్న బాధలోనూ ఒక గర్వం దాగి ఉంటుంది: తనకు తాను శిక్ష విధించుకునేవాడు న్యాయాధిపతి పీఠం దిగడు. ఫీలిమ్ కోరింది ఒక పని. మలాకీ దాని బదులు తన పశ్చాత్తాపం ఇచ్చాడు. అదీ గోడకు ఇవతలి నుంచే.

ఆదివారం యూనన్‌తో సహా నలుగురూ యంత్రం లేకుండా పారలతోనే తవ్వారు. మలాకీ తన తండ్రి పారను వాళ్లతో పంపి, తాను ఫ్యాక్టరీ తెల్లని దుస్తులు తొడుక్కుని లోపలికి వెళ్లాడు. పాత యంత్రాలను నడిపాడు, కొత్తవాటిని మొదలుపెట్టలేదు. సోమవారం ఖననంలో అందరి వెనుకా నిలబడ్డాడు. నలుగురికీ సొంత పారలున్నాయి; ఐదోదైన తండ్రి పారను ఎవరూ వాడలేదు. అది శ్మశానం గోడకు ఆనించి ఉంది. అతను దాన్ని ఇంటికి తీసుకువెళ్లలేదు.