మెసైమీర్ గేటు దగ్గర నేనన్న ‘మాఫీ’

రేపటి నుంచి నెల రోజులు దుకాణం మూత అని తెలిసిన రోజున, మీరు కొన్న సీసాలు ఎవరి బండిలో పెట్టారు?

నన్ను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. అడగలేదు కాబట్టే ఆరేళ్ళుగా మోస్తున్నాను.

దోహాలో మద్యం కొనాలంటే పర్మిట్ ఉండాలి. కొన్నది నేరుగా ఇంటికి తీసుకుపోవాలి. రంజాన్ నెలంతా అమ్మకం ఉండదు. దాహానికి క్యాలెండర్ ఏమిటని చాలా వ్యాసాల్లో వాదించాను. ఆ వాదన ఇప్పటికీ తప్పనుకోను. కానీ దాని వెనక ఒక మనిషిని దాచాను.

పేరు ఖాజా. కోరుట్ల మనిషి. మా కంపెనీ పికప్ నడిపేవాడు. రంజాన్‌కు ముందురోజు అతని బండిలోనే వెళ్ళి రెండు సీసాలు కొన్నాను. ఉమ్ ఘువైలినాలోని నా ఇంటికి పోవాల్సింది. ఇంతలో మెసైమీర్ సైటు నుంచి ఫోన్. “యల్లా, పోదాం పద” అన్నాను. నల్ల సంచి సీటు వెనకే ఉండిపోయింది. సాయంత్రం వేరేవాళ్ళ కారులో ఇల్లు చేరాను. మరచిపోయానా? లేదు. పొద్దున తీసుకోవచ్చులే అనుకున్నాను.

పొద్దున సైటు గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు ఖాజా బండి వెతికారు. నేను వెళ్ళేసరికి సంచి గేటు పక్క గదిలో బల్ల మీద ఉంది. మేనేజరు ఎదుట ఖాజా నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే అతని ముఖం తేటపడింది.

“అగో, మా సారు వచ్చిండు! జర చెప్పుండ్రి సార్ వీళ్ళకు. ఇయ్యాల మొదటి రోజా. ఉమ్ము గూడ మింగుతలేను, నేను సీసలు తాగుతనా?”

మేనేజరు నవ్వలేదు. “కిస్కా హై?” ఎవరిదని నన్నడిగాడు.

“మాఫీ మాలూమ్,” అన్నాను. తెలియదని.

“గది మీ సంచే గద సార్,” అన్నాడు ఖాజా మెల్లగా. ఉర్దూలో అంటే మేనేజరుకు అర్థమయ్యేది. నా పరువు నా చేతికే వదిలి, తెలుగులో అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆ వారమే ఖాజాను ఉద్యోగంలోంచి తీసేసి ఊరికి పంపేశారు. ‘దుబాయ్‌ల రంజాన్ పూట తాగి దొరికిండట’ అన్నారట, గల్ఫంతా దుబాయే అయిన ఆ ఊళ్ళో. మసీదులో ముందు వరుసలో నిలబడే మనిషి చివరి వరుసకు మారాడట.

సాక్ష్యం లేనిదే ఏదీ నమ్మవద్దని రాసినవాణ్ణి నేను. సాక్ష్యం నా దగ్గరే ఉంది, సీసాలు కొన్న రసీదు. చింపడానికి చేయి రాలేదు, చూపడానికీ రాలేదు. దేవుడి భయం లేదని చాటుకున్నవాణ్ణి ఉద్యోగ భయం ఇంతగా ఎలా వంచింది? ఆ సంచి కంటే నా హేతువాదం బరువైనదా?

గత వారం ఆ రసీదు జతచేసి, సంతకం పెట్టి, ఆ సంచి నాదేనని అల్ సద్‌లోని మా కంపెనీ ఆఫీసులో ఉత్తరం ఇచ్చాను. ఉద్యోగం పోవచ్చు. పోనీ. తర్వాత ఖాజాకు ఫోన్ చేశాను. ఉత్తరంలో రాసింది చెప్పాను. “అందరికి ఇనవడేటట్టు పెడ్తున్న. మళ్ళొక్కసారి చెప్పుండ్రి,” అన్నాడు. చెప్పాను. మాఫ్ చెయ్యమన్నాను.

“మాఫీ,” అని ఫోన్ పెట్టేశాడు.

కోరుట్లలో ఆ మాటకు క్షమించడమని అర్థం. ఇక్కడి అరబ్బీలో లేదని అర్థం. ఏదని అడిగే హక్కు నాకు లేదు. అయినా ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. ఆరేళ్ళ తర్వాత నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మీ సీసా ఎవరి బండిలో ఉందో మీకు తెలుసు. ఈరోజే వెళ్ళండి. మేనేజరుకు అర్థమయ్యే భాషలో, నలుగురికీ వినబడేలా చెప్పండి: అది నాది.