ఉపగ్రహ చిత్రంలో హనా ఇల్లు

2024 వానాకాలం సెమిస్టర్. ఇబ్రహీంపట్నం దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, సివిల్ డిపార్ట్‌మెంట్‌లో రిమోట్ సెన్సింగ్ చెప్తున్న. ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి నేల మీది సంగతులు తెలుసుకునే విద్య అది. ఆ ఏడు మా దగ్గరికి కొందరు విజిటింగ్ స్టూడెంట్లు వచ్చిన్రు. వాళ్ల డిగ్రీ వాళ్ల దేశంలోనే. ఒక్క సెమిస్టర్ ఇక్కడ ఉండి ఎకనామిక్స్, కంప్యూటర్స్, ఇంజనీరింగ్‌లలో నచ్చిన కోర్సులు చదువుకొని పోతరు.

వాళ్లల్ల హనా సూడాన్ పిల్ల. అన్నిట్ల నుంచీ కోర్సులు తీసుకున్నది. "మా ఊర్లు మళ్ల కట్టాలంటే ఇటుకల లెక్క రావాలె, పైసల లెక్క కూడా రావాలె కద మేడమ్" అనేది. అక్కడ అప్పటికే యుద్ధం నడుస్తున్నది. తన ఊరి దాక మాత్రం రాలేదని, అమ్మ, చెల్లె, నానమ్మ ఇంట్లనే ఉన్నరని చెప్పేది. ప్రతి శుక్రవారం అమ్మతో ఫోన్‌ల మాట్లాడేది. మాతోటి ఇంగ్లీషే అయినా, రూమ్మేట్ స్వప్న నేర్పిన "అవ్", "మస్తు" మధ్యల పడేసి అందరినీ నవ్వించేది.

సెమిస్టర్ చివర్ల చేంజ్ డిటెక్షన్ ల్యాబ్ పెట్టిన. ఒకే చోటి పాత చిత్రం, కొత్త చిత్రం పక్కపక్కన పెట్టి ఏం మారిందో పట్టుకునుడు. క్లాసంతా మన చుట్టుపక్కల ఊర్లే తీసుకున్నది. రావిర్యాల నుంచి వచ్చే స్వప్న తెర చూసి, "మేడమ్, గిది మా తాత జొన్న ఏసిన చెల్క! ఇప్పుడు చూడున్రి, మొత్తం షెడ్లే" అని అరిచింది. హనా చెయ్యెత్తి తన ఊరు చేయొచ్చా అని అడిగింది. సరే అన్న.

కొంచెం సేపటికి పిలిచింది. "మేడమ్, ఈ చిత్రం తప్పున్నది."

పోయి చూసిన. పాత దాంట్ల ఒక వీధి, మసీదు గుమ్మటం, దాని ఎనక హనా వాళ్ల ఇంటి నీలం రేకుల కప్పు. కొత్త దాంట్ల గుమ్మటం ఉన్నది. నీలం కప్పు లేదు. అక్కడ నల్లటి మచ్చ ఉన్నది. పక్కిండ్లు కూడా లేవు.

"చోటు తప్పు కొట్టినవేమో" అన్న. మళ్ల కొట్టినం. అదే వీధి. తేదీ చూస్తే, ఆమె ఇక్కడికి వచ్చిన కొన్నాళ్లకే తీసిన చిత్రం.

"కాదు మేడమ్. మొన్న శుక్రవారమే అమ్మ మాట్లాడింది. వంటింట్ల కూసోని బెండకాయలు తరుగుతున్న అన్నది" అనుకుంట నా మొఖం దిక్కు చూసింది.

స్వప్న వచ్చి ఆమె భుజం పట్టుకున్నది. "హనా, ముందుగాల అమ్మకు ఫోన్ చెయ్."

ఎంతో సేపటికి లైన్ కలిసింది. అరబ్బీల మాట్లాడుకున్నరు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. హనా ఏదో అడిగింది. అవతల ఏడుపు వినబడ్డది. హనా కుర్చీల నుంచి జారి నేల మీద కూలబడ్డది.

తర్వాత తనే చెప్పింది. "అమ్మా, నీ కుడి దిక్కు గోడకు ఏమున్నది అని అడిగిన. గోడే లేదు బిడ్డా అని ఏడ్చింది."

బాంబు పడ్డ రోజు అమ్మ, చెల్లె బయటపడ్డరు. నానమ్మ బయటపడలేదు. అమ్మ శుక్రవారం మాటలన్నీ సరిహద్దు అవతలి గుడారంలకెళ్లి మాట్లాడినవే. నిజం చెప్తే బిడ్డ చదువు వదిలిపెట్టి యుద్ధంలకు ఎనక్కొస్తదని భయం. "నానమ్మకు ఇయ్యి అన్నప్పుడల్లా, పండుకున్నది బిడ్డా అనేది" అని హనా చెప్పింది.

వేరే ఊరు తీసుకోమన్న. వినలేదు. ఫైనల్ రివ్యూల ఆ వీధినే చూపించింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సారు అందరినీ అడిగినట్టే అడిగిండు: "గ్రౌండ్ ట్రూత్ ఎట్ల చేసినవమ్మా?" చిత్రం చెప్పింది నిజమా కాదా అని ఆ జాగకు పోయి చూసుకునుడును మేం గట్ల అంటం.

"మా అమ్మను అడిగిన సార్. ఫోన్‌ల ఒక్కొక్క ఇల్లు చూపిస్తే, అందుల ఎవరున్నరో, ఎవరు బయటికి రాలేదో ఆమె చెప్పింది."

సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు.

సెమిస్టర్ అయినంక హనా అమ్మ దగ్గరికే పోయింది. దూరం నుంచి వచ్చిన పిల్లలు ఇప్పటికీ నాతోటి "ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరు మేడమ్" అంటరు. వెనకట అయితే తలూపి ముందుకు పోయేదాన్ని. ఇప్పుడు పక్కన కుర్చీ జరిపి, కూసొమ్మంటున్న.