మా అమ్మను అడిగిన మాట

దోహాలో నాతో పాటు విశ్వవిద్యాలయంలో పనిచేసే బ్రెజిల్ ఆవిడ, అమెజాన్ అడవుల్లోని ఒకే కుటుంబపు భాషల మాటలను పోల్చి చూస్తుంది. నీళ్ళు, చెయ్యి, నిప్పు వంటివి వాటి తల్లిభాషలో ఎలా ఉండేవో కనిపెట్టడం ఆవిడ పని. అందుకు కావలసిన కంప్యూటర్ ప్రోగ్రాములు నేను రాస్తాను.

ఒక శుక్రవారం ఆవిడ, దోహాలోనే మదీనత్ ఖలీఫా అనే పేటలోని మా ఇంటికి భోజనానికి వచ్చింది. ఆదిలాబాద్ నుంచి వచ్చి ఉన్న మా అమ్మను చూసి, "మీ భాషలో నీళ్ళను ఏమంటారు?" అని అడిగింది. ఆ ప్రశ్నను అమ్మకు తెలుగులో చెప్పాను.

మేము గోండులం. బయటివాళ్ళ ముందు మన భాష మాట్లాడవద్దని అమ్మ దిగిన రోజే చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, "నీళ్ళే అంటం" అంది.

ఎక్కడి అడవుల మాటల కోసమో పనిచేసే నేను, ఇంట్లో అమ్మ నోరు కట్టేశాను. సిగ్గుతో చేతిలోని ముద్దను కంచంలో పెట్టేశాను.

"ఏర్ అంటాం. మాది గోండీ," అని ఆవిడకు చెప్పాను.

"చెప్పొచ్చా బిడ్డా?" అమ్మ మెల్లగా అడిగింది.

"చెప్పమ్మా."

ఆవిడ అడిగినవన్నీ అమ్మ గోండీలో చెప్పింది. వాటిలో కొన్ని నేను మరిచిపోయాను. భోజనం అయ్యేదాకా తల ఎత్తలేకపోయాను.